పాత సర్ఫ్‌బోర్డుకు ధర ఎలా వచ్చింది?

పాత నగ అమ్మబోతే మజూరీ పోతుంది, తరుగు పోతుంది, కానీ బంగారం ధర బంగారానికి ఉంటుంది. పాత సర్ఫ్‌బోర్డుకు ఆ ధీమా లేదు. లోపల ఉన్నది సాధారణంగా పాలీయురెథేన్ ఫోమ్, దాని నడిమధ్య నిలువునా సన్నటి చెక్క బద్ద, పైన రెజిన్‌తో అతికించిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ. విరిచి తూకానికి వేస్తే కొనే నాథుడుండడు. విలువంతా మజూరీయే. అందుకే అమ్మేవాడు ఎంత అడగాలో తేలక, కొన్న ధరను గుర్తు తెచ్చుకుని అందులో కొంత కోసి చెబుతాడు. బోర్డు చరిత్ర చూస్తే మాత్రం ఈ లెక్క ఏ కాలంలోనూ నిలిచినట్టు కనబడదు. పాత బోర్డుకు ధర కట్టింది దాని మీద పెట్టిన డబ్బు కాదు. అరుగుదల పాత్ర కూడా రెండోదే. అలాంటి పని చేసే కొత్త బోర్డు ఆ రోజున ఎంతకు దొరుకుతోందన్నదే అసలు సంగతి.

హవాయిలో బోర్డు విలువ మొదట హోదాలో ఉండేది. విలివిలి అనే తేలిక కొయ్యతో చేసిన పొడవాటి ‘ఓలో’ పెద్దదొరలది. పొట్టిగా, పల్చగా ఉండే ‘అలాయా’ అందరిదీ. పాకీ అనే దొర వాడిన ఓలోలు హొనొలులులోని బిషప్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా బోర్డంటే ఎవరికి వారు చెక్కుకునే దుంగపలక. ఒలింపిక్ ఈతగాడు డ్యూక్ కహనమోకు 1914–15లో ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు అక్కడ దొరికిన పైన్ కలపతో తన బోర్డు తానే చెక్కుకున్నాడు. అలాంటి పలకకు సొట్ట పడితే గరుకు కాగితంతో రుద్ది, వార్నిష్ పూస్తే సరిపోయేది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాలిఫోర్నియాలో బాబ్ సిమన్స్ వంటివాళ్లు బాల్సా చెక్క మీద ఫైబర్‌గ్లాస్ తొడగడంతో బరువు బాగా తగ్గింది, కానీ పెళుసుదనం వచ్చింది. పైతొడుగు పగిలితే లోపలికి నీళ్లు దిగుతాయి. సర్ఫర్లు ‘డింగ్’ అనే ఈ దెబ్బతోనే బోర్డుకు తరుగుదల మొదలైంది. కాలికి తాడు కట్టుకోవడం 1970లలో గానీ అలవాటు కాలేదు. అంతవరకూ చేజారిన బోర్డు నేరుగా రాళ్ల మీదికే పోయేది.

సెకండ్ హ్యాండ్ ధరకు కొలబద్ద దొరికింది మాత్రం ఫోమ్‌తో. 1950ల చివర్లో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ కలిసి పాలీయురెథేన్ ఫోమ్‌ను అచ్చుల్లో పోసి దిమ్మలు తీయడం సాధించారు. 1959లో ‘గిడ్జెట్’ సినిమా వచ్చింది, కుర్రకారు సముద్రం మీద పడ్డారు. బ్రాండు పేరు, దుకాణం, ఫలానా రేటు అన్నవి స్థిరపడ్డాయి. కొత్తదానికి రేటుంటేనే కదా పాతదాన్ని పక్కన పెట్టి చూసేది! ఆ కొలబద్ద ఎంత నిర్దయగా పనిచేస్తుందో పదేళ్లు తిరక్కుండానే తెలిసింది. 1966లో ఆస్ట్రేలియా సర్ఫర్ నాట్ యంగ్ ప్రపంచ పోటీ గెలిచిన బోర్డు పొడవు 9 అడుగుల 4 అంగుళాలు. మరో రెండేళ్లలో ఏడడుగులూ అంతకు తక్కువా ఉన్న బోర్డులు వచ్చిపడ్డాయి. ఏ దెబ్బా తగలని పొడుగు బోర్డులు అడిగేవాడు లేక గ్యారేజీల్లో పడ్డాయి. కొందరు పైగుడ్డ ఊడబెరికి, లోపలి ఫోమ్‌ను మళ్లీ పొట్టిగా చెక్కుకున్నారు. అవి అరిగిపోలేదు, కాలం చెల్లిందంతే. 1981లో సైమన్ ఆండర్సన్ అడుగున మూడు రెక్కలున్న ‘థ్రస్టర్’తో ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్‌లో, హవాయిలోని పైప్‌లైన్‌లో పోటీలు గెలిచాక ఒంటి రెక్క, జంట రెక్కల బోర్డులకూ అదే గతి పట్టింది.

ఇదే సంగతిని అవతలి వైపు నుంచి రుజువు చేసింది 2005 డిసెంబరు 5. అమెరికాలో ఫోమ్ దిమ్మల్లో సింహభాగం సరఫరా చేసే క్లార్క్ ఫోమ్‌ను యజమాని గోర్డన్ క్లార్క్ ఒక్క ఫ్యాక్స్ ఉత్తరంతో మూసేశాడు. దుకాణాల్లో అప్పటికే తయారై గోడకు నిలబెట్టి ఉన్న బోర్డుల ధరలు పెరిగాయి. నిన్నటికీ నేటికీ ఆ బోర్డుల్లో మారిందేమీ లేదు, రేపు మరొకటి దొరుకుతుందన్న నమ్మకం తప్ప. తర్వాత అమెరికా గొలుసు దుకాణం కాస్ట్‌కో సుమారు వంద డాలర్లకే మెత్తటి ఫోమ్ బోర్డు అమ్మడంతో, నేర్చుకునేవాళ్ల పాత బోర్డుల ధరకు హద్దు పడింది. కొత్తదే వందకు వస్తున్న రోజుల్లో పాతదానికి నూటయాభై ఎవరిచ్చేవారు?

సగం ధర అనే వాడుక లెక్క ఉంది కదా అనవచ్చు. బేరం మొదలుపెట్టడానికి పనికొస్తుంది, కాదనను. కానీ సగం దేనిలో? మీరు కొన్ననాటి బిల్లులోనా, నేటి కొత్త ధరలోనా? నాకు రెండోదే న్యాయంగా తోస్తుంది. షేపర్ (బోర్డు చెక్కేవాడు) చేత కావాలని చేయించుకున్న బోర్డు మాటేమిటంటే, మీ బరువుకూ మీ నిలబడే తీరుకూ అది ఎంత చక్కగా అతికితే, సరిపోయే రెండోవాడు అంత అరుదు. బిల్లు పెద్దదైనా అడిగే ధర పెరగదు. ఇక 1960ల నాటి పొడుగు బోర్డులు నేడు వేలంపాటల్లో వేల డాలర్లు పలుకుతున్నాయన్నది అసలైన అభ్యంతరం. నిజమే. అయితే అక్కడ కొనేవాడు అల కోసం కొనడు, గోడకు తగిలించడానికి కొంటాడు. షేపర్ పేరు, సంతకం, చెడని తొలిరంగు ఉన్న కొన్నిటికే ఆ యోగం. అటకెక్కించిన ప్రతి బోర్డూ పురావస్తువు కాదు.

కనుక అమ్మేముందు బోర్డును వెలుతురులో పెట్టి చూడండి. అడుగున మధ్యబద్ద పక్కన షేపర్ పెన్సిల్‌తో రాసిన కొలతలు ఉంటాయి, అవి చెప్పండి. పాదాలు ఆనేచోట బొటనవేలితో నొక్కండి. గుడ్డ కదిలితే అది ఫోమ్ నుంచి ఊడినట్టే, ధర బాగా దిగాలి. మడమల గుంటలు, ఎండకు పచ్చబడ్డ రంగు మామూలే, వాటికి పెద్దగా తగ్గించక్కర్లేదు. రెక్కల మొదట్లో పగుళ్లు, ఒకసారి విరిగి అతికించిన గీత ఉంటే దాచకండి. అదే తరహా కొత్త బోర్డు నేడు 800 డాలర్లనుకుంటే, శుభ్రమైనదానికి 400 దగ్గర మొదలుపెట్టి, రిపేరు షాపు అడిగే ఖర్చు అందులోంచి తీసేయండి. కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్‌లో కొత్తది పక్క వీధిలో దొరుకుతుంది. విశాఖ రుషికొండ దగ్గరికి రావాలంటే రవాణా ఖర్చూ కలుస్తుంది. ఇక్కడ అదే పాత బోర్డుకు కాస్త ఎక్కువ అడిగినా అన్యాయం కాదు.