మలంగ్‌ల జటలు

ఉర్సులో మలంగ్ ఫకీర్లు కనబడితే పిల్లలు అడుగుతారు: ‘అబ్బాజాన్, వీళ్లు ముసల్మానులేనా? మరి ఈ జటలేంటి?’ అవునని చెప్పి ఊరుకుంటే చాలదు. దీనికో తవారీఖ్ ఉంది.

1434లో మకన్‌పూర్‌లో వఫాత్ అయిన షా బదీవుద్దీన్ మదార్ పేరు మీద మదారియా సిల్సిలా నడిచింది. ముర్షిద్ చెయ్యి పెట్టిన తల మీద కత్తెర పడనివ్వనని మురీద్ జమాలుద్దీన్ అనుకున్నాడని మలంగ్‌ల రివాయత్. అందుకే జట వాళ్లకి అమానత్.

ఒక ఉర్సులో ముసలి మలంగ్‌ని అడిగాను, ‘గుసుల్ ఎలా చేస్తారు బాబా?’ అని. ‘నీళ్లు కుదుళ్ల దాకా పోవాలి బేటా. తర్వాత పొద్దంతా ఎండలో ఆరబెట్టాలి. తడి మిగిలితే వాసనొస్తది’ అన్నారు.

ఈ సిల్సిలా ఫకీర్లే బెంగాల్‌లో కంపెనీ సర్కారుతో లడాయి చేశారు. 150 మంది ఫకీర్లను బేకసూర్‌గా చంపారని వాళ్ల సర్దార్ మజ్నూషా 1772లో నాటోర్ రాణీ భవానీకి ఖత్ రాశాడు. కంపెనీ కాగితాల్లో మాత్రం వీళ్లు లుటేరాలు.

ఇవాళ కోతినాడించేవాణ్ణి మదారీ అంటున్నాం. అది ఒక సిల్సిలా పేరని పిల్లలకు మనమే చెప్పాలి.