1929 నాటి రెండు వ్యాసాలు, క్లెమెంటిలో ఒక కోపీ

కుందేలు మెడలో ఒక నరం కోస్తే ఆ వైపు చెవి చల్లబడుతుందని క్లాడ్ బెర్నార్ అనుకున్నాడు. 1851లో కోసి చూస్తే చెవి ఎర్రబడి వేడెక్కింది. మరుసటి ఏడు బ్రౌన్-సెకార్ అదే నరానికి కరెంటు పెడితే చెవి పాలిపోయింది. రక్తనాళాలు ఉత్త గొట్టాలు కావనీ, వాటిని బిగించే ఆజ్ఞ నరం మోసుకొస్తుందనీ అలా తేలింది.

గోదావరి మీద కాటన్ ఆనకట్ట పూర్తయిందీ 1852లోనే. కాకినాడలో ఫిజియాలజీ పాఠం చెప్పే రోజుల్లో ఈ రెండింటినీ కలిపే చెప్పేదాన్ని. డెల్టా పిల్లలకు తూము, దాన్ని ఎత్తి దించే లస్కరు అంటే చాలు, చిరుధమనుల సంగతి సగం బోధపడేది. మిగతా సగం లెక్క: నాళం వ్యాసార్థం సగానికి తగ్గితే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. కప్ప కాలివేళ్ల నడుమ పొరను మైక్రోస్కోపు కింద పరిచి అడ్రినలిన్ చుక్క వేస్తే, అప్పటిదాకా పరుగెత్తిన రక్తకణాలు నత్తనడక పట్టేవి. అది చూశాక లెక్కను ఎవరూ శంకించేవారు కాదు.

గుండె దగ్గరికి వచ్చేసరికి ఈ లస్కరు కథ చాలదు. తనకు అందే రక్తంలోని ఆక్సిజన్‌లో 70–80 శాతాన్ని గుండె కండరం విశ్రాంతిలోనే లాగేసుకుంటుంది. ఇంకా కావాలంటే ప్రవాహమే పెరగాలి, అదీ నాలుగైదు రెట్లు. పైనుంచి ఆజ్ఞ వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. ఇక్కడ పొలమే తూము ఎత్తుకోవాలి. దేనితో ఎత్తుతుంది?

1929లో కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్-గ్యోర్గీ గుండె కండరం నుంచి తీసిన సారాన్ని జంతువులకు ఎక్కించారు. గుండె వేగం తగ్గింది, గుండెకు రక్తమిచ్చే నాళాలు విప్పారాయి. అందులో పనిచేసింది అడెనోసిన్ జాతి పదార్థమని తేల్చారు. అదే ఏడాది హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు కండరంలోంచి ఏటీపీని వేరుచేశాడు. జర్మనీలో లోమాన్ విడిగా అదే చేసి, కాస్త ముందుగా ప్రకటించాడు. కండరం ఖర్చుపెట్టే చిల్లర ఏటీపీ. అది విడిపోతూ పోతే మిగిలేది అడెనోసిన్.

ఈ రెండు కొసలనూ కలిపినవాడు అమెరికాలో రాబర్ట్ బెర్న్, 1963లో. ఆక్సిజన్ చాలని గుండెకణంలో ఏటీపీ విరిగి అడెనోసిన్ బయటికి వస్తుందనీ, అదే పక్కనున్న చిరుధమనిని వదులు చేస్తుందనీ ప్రతిపాదించాడు. జర్మనీలో గెర్లాఖ్ కూడా అదే ఏడాది ఆ మాటే అన్నాడు. సుబ్బారావు 1948లోనే పోయాడు. ఆయన గురించి మనవాళ్లు రాసే ప్రతి వ్యాసంలోనూ ఖద్దరు, ఎల్.ఎం.ఎస్. పట్టా, లెడర్లీ కంపెనీ తప్పకుండా ఉంటాయి. ఏటీపీ నుంచి అడెనోసిన్ దాకా సాగే ఈ ముక్క కనిపించదు. నాకది చిన్న లోపంగా తోచదు.

రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గర, సింగపూర్ క్లెమెంటిలో ఉంటున్నాను. పొద్దున్నే 448వ బ్లాకు ఫుడ్ సెంటర్లో కోపీ-ఓ, అంటే పాలు లేని కాఫీ, తాగనిదే నాకు రోజు మొదలవదు. కిందటేడు గుండె స్కాన్ రాశారు. "ముందురోజు నుంచి నో కోపీ, ఆంటీ, టీ కూడా వద్దు," అంది ఇక్కడి నర్సు. కెఫీన్ అడెనోసిన్ కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. అప్పుడు మందు ఎక్కించినా నాళాలు విప్పారవు, స్కాన్ అబద్ధం చెబుతుంది. ఎక్కించే ఆ మందు, అడెనోసినే. మొహం వేడెక్కింది, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. డ్రిప్ ఆపగానే అంతా సర్దుకుంది. రక్తంలో దాని ఆయువు సెకన్లే మరి.

బెర్న్ మాట మొత్తంగా నిలవలేదని కూడా చెప్పాలి. వ్యాయామం చేస్తున్న కుక్కల్లో అడెనోసిన్ పనిని అడ్డుకున్నా గుండెకు ప్రవాహం పెరుగుతూనే ఉంది. 1980లో ఫర్చ్‌గాట్ నాళాల లోపలి పొరే వదులు చేసే పదార్థాన్ని విడుదల చేస్తుందని చూపాడు. తర్వాత అది నైట్రిక్ ఆక్సైడ్ అని తేలింది. దానికి 1998లో నోబెల్ వచ్చింది. పొటాషియం ద్వారాలకూ ఇందులో వాటా ఉంది. ఒకటి మూసుకుపోతే ఇంకొకటి పని అందుకుంటుంది. కాబట్టి సుబ్బారావు పాఠంలో ఈ ముక్క చేర్చేవాళ్లు, గుండెకు రక్తం పిలిచేది అడెనోసిన్ ఒక్కటే అని మాత్రం రాయొద్దు.