పాత బండి, పొల్యూషన్ కాగితం: అసలు రూల్ ఏమంటున్నది?

మొన్న రోడ్డు పక్కన ఆగి ఉన్న పొల్యూషన్ వ్యాన్ కాడికి నా కారు తీస్కపోయిన. 2007 మోడల్ మారుతి 800, సెకండ్ హ్యాండ్ల కొన్నది. వ్యాన్ల ఉన్న పిలగాడు నంబర్ ప్లేటు ఫోటో కొట్టిండు, పైసలు తీస్కున్నడు, కాగితం చేతుల పెట్టిండు. ఇంజన్ బందే ఉన్నది. గొట్టం సైలెన్సర్ల పెట్టనే లేదు. ‘మరి రీడింగ్ ఎట్ల వచ్చింది తమ్మీ?’ అంటే, ‘పాస్ అయింది కదా సార్, ఇంకేం గావాలె’ అన్నడు. కాగితం మీద కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం అని అచ్చయి ఉన్నది. ఆ అంకె ఎవరి బండిదో నాకైతే తెల్వదు.

ఈ ముచ్చట మా బస్తీల చెప్తే అందరు నవ్విన్రు. ‘నీ నసీబు మంచిగున్నది, పాత బండికి గట్లయితేనే పాస్ అయితది’ అన్నరు. ఇదే తప్పు సమజు. పాత బండి అంటే పరీక్షల ఫెయిలే అని జనం మనసుల పడిపోయింది. గందుకే పైసలిచ్చి కాగితం కొనుక్కుంటున్నరు. రూల్ మాత్రం గట్ల లేదు.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989ల వచ్చినయి. అందుల 115వ నియమం పొగ గురించే. బండి మొదటిసారి రిజిస్ట్రేషన్ అయినంక ఏడాది దాటితే పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలె. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు అది ఏడాది నడుస్తది, అంతకన్నా పాతయైతే ఆరు నెలలే. పాత బండ్లోల్లు దెబ్బ తినేది ఎక్కువ ఇక్కడనే. ఏడాది అనుకొని ఊకుంటరు, ఏడో నెలల చలాన్ పడ్తది.

ఇగ పరీక్ష సంగతి. ఏ బండినైనా అది తయారైన కాలం నాటి కొలతతోనే కొలుస్తరు, ఇయ్యాల్టి కొలతతోని కాదు. పెట్రోల్ కారు బీఎస్-2 కన్నా ముందటిదైతే కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఉండొచ్చు. బీఎస్-2, బీఎస్-3 అయితే 0.5 శాతం. బీఎస్-4 అయితే 0.3. అంటే కొత్త బండికే హద్దు గట్టిగున్నది. టూవీలర్లకు ఇంకింత సడలింపు: 2000 మార్చి 31 లోపు తయారైనయైతే 4.5 శాతం, ఆ తర్వాతయైతే 3.5. దీనితోపాటు కాలని పెట్రోల్ ఆవిరి, అంటే హైడ్రోకార్బన్లను కూడా కొలుస్తరు. డీజిల్ బండికి లెక్క వేరే. గేర్ల వెయ్యకుండ ఎక్సలేటర్ పూర్తిగ తొక్కి, పొగ ఎంత నల్లగున్నదో మిషన్ చూస్తది. హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4 అయితే 50.

హైదరాబాద్ల బీఎస్-3 2005 ఏప్రిల్లనే, బీఎస్-4 2010 ఏప్రిల్లనే వచ్చినయి. చిన్న ఊర్లల్ల బీఎస్-4 వచ్చేసరికి 2017 అయింది. గందుకే ఒకే ఏడు కొన్న రెండు కార్లకు హద్దులు వేరే ఉండొచ్చు. వ్యాన్ పిలగాడు ఏడు చూసి అంటే, ఆర్సీల ఏ బీఎస్ అని ఉన్నదో చూడమని అడుగున్రి.

ఈ పరీక్షల ఒక పెద్ద బొక్క ఉన్నది, అది కూడ చెప్పుకోవాలె. బండి నిలబడి ఉన్నప్పుడే కొలుస్తరు. బరువు మోస్తా ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత పొగ వస్తదో కొలవరు. డీజిల్ బండ్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లను అసలే కొలవరు, ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే సన్న ధూళిని కూడ లెక్క పెట్టరు. పెద్ద డీజిల్ బండి ఫస్ట్ క్లాస్ల పాస్ అయితది, మన చిన్న పెట్రోల్ కారు ప్లగ్గు పాడైనందుకు ఫెయిల్ అయితది.

ఫెయిల్ అయితే ఏం జేస్తరు? భయపడేదేం లేదు. 2021 జూన్ల తెచ్చిన మార్పు ప్రకారం రిజెక్షన్ స్లిప్పు ఇయ్యాలె. అది పట్టుకొని బండి బాగు చేయించుకొని మళ్ల పరీక్షకు పోవచ్చు. అసలు సర్టిఫికెటే లేకుంటే మాత్రం మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాకా జుర్మానా, మూడు నెలల దాకా జైలు, లేకుంటే రెండూ. ఇది 2019 సవరణల వచ్చింది. అంతకు ముందు మొదటి తప్పుకు వెయ్యే ఉండె. రోడ్డు మీదనే కట్టి వదిలించుకునే మొత్తాన్ని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయించుకోవచ్చు, గందుకే ఊరు మారితే అంకె మారుతది. కాగితం ఫోన్ల డిజీలాకర్లనో ఎం పరివాహన్లనో ఉంటే చాలు.

ఇన్సూరెన్స్ గురించి కూడ మస్తు మంది అడుగుతున్నరు. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుంటే ఇన్సూరెన్స్ రెన్యువల్ చెయ్యొద్దని సుప్రీంకోర్టు 2017 ఆగస్టుల చెప్పింది, 2024 జులైల ఆ షరతు తీసేసింది. యాక్సిడెంట్ క్లెయిమ్‌ను ఈ ఒక్క కారణంతోని కాదనొద్దని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2020లనే చెప్పింది.

పదిహేనేండ్లు దాటినంక సొంత కారుకు ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలె, ఐదేండ్లకోసారి. ఫీజు 600 ఉండె, 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఇరవై ఏండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టుల 10,000 చేసిన్రు. టూవీలర్లకు అదే లెక్కన 300 నుంచి 1,000, ఇరవై దాటితే 2,000. గ్రీన్ టాక్స్ వేరే. పొగ తక్కువొచ్చే పాత బండికీ ఎక్కువొచ్చేదానికీ ఒకటే ఫీజు ఎందుకని నేను అడుగుతున్న. పొగ మీద వెయ్యున్రి పన్ను, వయసు మీద ఎందుకు?

ఢిల్లీ ముచ్చట చూసి కొందరు గాబరా పడుతున్నరు. పదేండ్లు దాటిన డీజిల్, పదిహేనేండ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగొద్దన్నది ఢిల్లీ చుట్టుపక్కల ఇలాకాకే. 2025 జులై 1 నుంచి అక్కడి బంకులల్ల అసుంటి బండ్లకు నూనె పొయ్యొద్దన్నరు, జనం లొల్లి చేస్తే రెండు మూడు దినాలల్లనే ఆపిన్రు. తెలంగాణల, ఆంధ్రల ఆ రూల్ లేదు.

పరీక్షకు పోయేముందు పావుగంటన్న బండి నడిపించున్రి. క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కకుంటే పని చెయ్యదు, చల్ల ఇంజన్ ఎక్కువ పొగ చూపెడ్తది. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు చూసుకోవాలె. నల్లపొగ అంటే పెట్రోల్ ఎక్కువ తాగుతున్నట్టు, నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. నీలిపొగ వస్తే ప్లగ్గు మారిస్తే పోదు, మెకానిక్ కాడికే పోవాలె.

నా కారు సంగతి ఇంక మిగిలున్నది. మనసు ఒప్పక ఇంకో సెంటర్ల అడిగిన, ‘కాగితం ఉన్నది, గొట్టం పెట్టి రీడింగ్ చూపెట్టున్రి చాలు’ అని. 0.9 వచ్చింది. నా బండి హద్దు 0.5. అంటే జేబుల 0.2 కాగితం పెట్టుకొని ఇన్ని దినాలు విషం వదులుకుంట తిరుగుతున్న, అది కూడ నా పిల్లలు చదివే బడి ముంగటి నుంచే. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మార్పించి, ఆక్సిజన్ సెన్సార్ సాఫ్ చేయించినంక 0.3కు దిగింది. మెకానిక్ అన్నకు పదమూడు వందలిచ్చిన. ఆ వ్యాన్ మాత్రం నిన్న కూడ గదే మూల మీద ఉన్నది, ముంగట ఏడెనిమిది బండ్ల లైన్, అన్ని ఇంజన్లు బందే.