ఎల్జీబీటీ వివక్షపై ఐరాస విచారణ: ప్రతి మూడేళ్లకూ ఓటు పరీక్ష

లైంగిక అభిరుచి, లింగ గుర్తింపు కారణంగా జరిగే హింసను, వివక్షను పరిశీలించేందుకు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2016 జూన్ 30న స్వతంత్ర నిపుణుడి పదవిని ఏర్పాటు చేసింది. 47 సభ్య దేశాల్లో 23 అనుకూలంగా, 18 వ్యతిరేకంగా ఓటు వేశాయి. భారత్ సహా ఆరు దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. ఆ ఆరూ వ్యతిరేకించి ఉంటే పదవే ఉండేది కాదు. దీని గడువు మూడేళ్లు కాబట్టి, కొనసాగాలా వద్దా అన్న ప్రశ్న మూడేళ్లకోసారి మళ్లీ ఓటింగ్‌కు వస్తుంది. వివక్ష మంచిదేనని సభలో వాదించే దేశాలు అరుదు. ఒత్తిడి సాధారణంగా పదాలు, చట్టబద్ధత, ఆహ్వానాల చుట్టూ సాగుతుంది.

నిపుణుడి బాధ్యతలు

ఇది వేతనం లేని పదవి. బాధితుల నుంచి, వారి తరఫున పనిచేసే సంస్థల నుంచి ఫిర్యాదులు స్వీకరించి నిపుణుడు ఆయా ప్రభుత్వాలను వివరణ కోరతారు. ఏటా మండలికి, సర్వప్రతినిధి సభకు నివేదికలు సమర్పిస్తారు. తీర్పు చెప్పే అధికారం గానీ, శిక్షించే అధికారం గానీ ఆయనకు లేవు. థాయ్‌లాండ్‌కు చెందిన విటిట్ ముంటార్బోర్న్, కోస్టారికాకు చెందిన విక్టర్ మాద్రిగల్ బోర్లోజ్ తర్వాత, 2023లో దక్షిణాఫ్రికాకు చెందిన గ్రేమ్ రీడ్ ఈ బాధ్యత చేపట్టారు.

ఒక్క పదంపై పోరు

ఈ పదవికి ముందే వివాదం మొదలైంది. చట్టవిరుద్ధ హత్యలను ఖండిస్తూ, వాటిపై విచారణ జరపాలని ప్రభుత్వాలను కోరే తీర్మానంలో లైంగిక అభిరుచి ప్రస్తావన ఉండేది. 2010 నవంబరులో సర్వప్రతినిధి సభ మూడో కమిటీ 79-70 ఓట్లతో దానిని తొలగించింది. డిసెంబరు 21న సభ 93-55 ఓట్లతో తిరిగి చేర్చింది. పదం తొలగితే ఆ కారణంతో జరిగిన హత్యలు ప్రత్యేకంగా గుర్తింపు పొందవు. ఇరుపక్షాల పట్టుదలకు కారణమదే.

చట్టబద్ధతపై అభ్యంతరం

2016 నవంబరులో ఆఫ్రికా దేశాల బృందం తరఫున బోట్స్వానా, ఆ పదవికి అంతర్జాతీయ చట్టంలో ఆధారం స్పష్టం కాలేదంటూ, సంప్రదింపులు పూర్తయ్యే వరకు పనిని నిలిపివేయాలని కోరింది. లాటిన్ అమెరికా దేశాలు ప్రతిపాదించిన సవరణ 84-77 ఓట్లతో నెగ్గడంతో ఆ యత్నం ఆగింది. డిసెంబరులో పూర్తి సభలో జరిగిన మరో యత్నం కూడా ఏడు ఓట్ల తేడాతోనే వీగిపోయింది. అప్పటికి తొలి నిపుణుడు బాధ్యతలు చేపట్టి కొద్ది వారాలే అయింది.

ఆహ్వానం లేనిదే పర్యటన లేదు

ప్రభుత్వం అంగీకరిస్తేనే నిపుణుడు ఒక దేశంలో అధికారికంగా పర్యటించగలరు. అర్జెంటీనా, జార్జియా, మొజాంబిక్, ట్యునీషియా, కంబోడియా, అమెరికా, బ్రిటన్ వంటి దేశాలు అవకాశమిచ్చాయి. స్వలింగ సంబంధాలను నేరంగా పరిగణించే దేశాలు ఇప్పటికీ 60కి పైగా ఉన్నాయి. పరిశీలన ఎక్కువగా అవసరమైన చోట తలుపు తెరిచే నిర్ణయం, పరిశీలనకు గురికావలసిన ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది.

భారత్ వైఖరి

స్వలింగ జీవిత భాగస్వాములున్న ఐరాస ఉద్యోగులకు ప్రయోజనాలు వర్తింపజేయడాన్ని వ్యతిరేకిస్తూ 2015లో రష్యా తెచ్చిన ప్రతిపాదనకు భారత్ మద్దతిచ్చింది, అది వీగిపోయింది. 2016లో తటస్థంగా ఉన్నప్పుడు, విషయం సుప్రీంకోర్టు పరిశీలనలో ఉందని ప్రభుత్వం తెలిపింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెద్దల మధ్య పరస్పర అంగీకారంతో సాగే సంబంధాలు నేరం కాదని ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. ఆ తర్వాత 2019లోనూ, 2022లోనూ పొడిగింపుపై భారత్ మళ్లీ తటస్థంగానే ఉంది. 2019లో పొరుగుదేశం నేపాల్ పొడిగింపునకు అనుకూలంగా ఓటు వేయగా, పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్ వ్యతిరేకించాయి.

తదుపరి ఓటు

2022లో 23-17 ఓట్లతో గట్టెక్కిన పదవి, 2025 జులైలో 29-15 ఓట్లతో మరో మూడేళ్లు పొడిగింపు పొందింది. అప్పుడు భారత్ మండలిలో సభ్యదేశం కాదు. 2026-28 కాలానికి మళ్లీ ఎన్నికైనందున, 2028లో పొడిగింపు ప్రశ్న వచ్చేసరికి ఓటు హక్కుతో సభలో ఉంటుంది. న్యాయస్థానం తీర్పు రావలసి ఉందన్న కారణం ఇప్పుడు లేదు.