ఫిరంగి చెప్పే ఊరూ పేరూ

బొబ్బిలి వాళ్లకు ఫిరంగి అన్నది ఉత్త మాట కాదు. 1757 జనవరి 24న తెల్లవారుతూనే ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు మన మట్టికోట బురుజుల మీద పేలాయి. అసలా పేరులోనే దాని పుట్టుక ఉంది. పారశీకంలో ఫరంగీ అంటే ఐరోపా వాడు. మనిషిని పిలిచిన మాటే ఆయుధానికి నిలిచిపోయింది.

ఆ ఐరోపా ఫిరంగులన్నీ ఓడెక్కి రావలసినవే. అన్ని ఓడలూ క్షేమంగా ఉండలేదు. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లిన్వా, 74 ఫిరంగుల మారెంగోతో, మరో రెండు యుద్ధనౌకలతో విశాఖ తీరానికొచ్చి, ఇంగ్లీషు వాళ్ల సెంచూరియన్ మీద పడ్డాడు. ఆ పోరులో బార్నబీ అనే వర్తక నౌక ఒడ్డుకు కొట్టుకుపోయి బద్దలైంది.

మునిగిన ఓడ పేరు చెరిగిపోవచ్చు, పోత పోసిన ముద్ర మాత్రం చాలాకాలం నిలుస్తుంది. 1836లో ఇంగ్లండులో చేపల వలలు పదే పదే దేనికో చిక్కుకుంటుంటే డీన్ సోదరులనే ఈతగాళ్లు నీళ్లలోకి దిగారు. పైకి తెచ్చిన కంచు ఫిరంగుల మీద ఎనిమిదో హెన్రీ రాజు పేరు కనిపించింది. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే అతని యుద్ధనౌక అలా దొరికింది.

ఫిరంగి మీద వెతకాల్సినవి రాజముద్ర, బరువు అంకెలు, ఇరుపక్కలా చెవుల్లా పొడుచుకొచ్చిన మొనల మీది అక్షరాలు. వి, ఓ, సి అల్లుకుని ఉంటే అది డచ్చి కంపెనీది. భీమిలిలో కోట కట్టుకున్నది వాళ్లే. ఇంగ్లీషు ఫిరంగి అయితే 18-2-14 లాంటి మూడంకెలుంటాయి. మొదటిదాన్ని 112తో, రెండోదాన్ని 28తో హెచ్చించి, మూడోది కలపాలి. మొత్తం 2,086 పౌన్లు, అంటే దాదాపు 946 కిలోలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆధారం రాజముద్ర. మూడో జార్జి గద్దెనెక్కింది 1760లో. అతని ముద్రతో పోసిన ఫిరంగిని చూపించి బొబ్బిలి యుద్ధంలో పేలిందని ఎవరు చెప్పినా నమ్మకండి.

అయితే ముద్ర చూసి ఓడ జెండా తేల్చెయ్యకూడదు. ఓడిన వాడి ఫిరంగులు గెలిచిన వాడి ఓడెక్కేవి. స్వీడన్‌లో పోసినవి డచ్చి వాళ్లు కొనేవారు. ఫ్రెంచి పద్ధతి ఫిరంగికి ఫ్రాన్సే పుట్టిల్లు కానక్కర్లేదు, నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ హైదరాబాదులోనే పోయించాడు. అందుకే ఓడలో దొరికిన వాటన్నిటినీ కలిపి చదవాలి. వాటిలో అన్నిటికన్నా కొత్తది ఏ ఏట పోసిందో, ఓడ మునక ఆ ఏటికి ముందు జరిగి ఉండదు.

మన మత్స్యకారులకు చెప్పాల్సింది ఇంకొకటుంది. వందల ఏళ్లు ఉప్పునీటిలో నానిన పోత ఇనుము పైకి గట్టిగా కనిపించినా కత్తికి తెగేంత మెత్తబడి ఉంటుంది. ఎండలో పెడితే పగిలి, పెచ్చులూడి, అంకెలూ ముద్రలూ వాటితోపాటే రాలిపోతాయి. నిపుణులు క్షారజలంలో ముంచి, సన్నగా కరెంటు పంపి, నెలల తరబడి ఉప్పు తీస్తారు. వలకు అలాంటిది తగిలితే సుత్తితో గుల్ల రాలగొట్టకండి. తడి గోనెసంచులు కప్పి, నిపుణులు వచ్చేదాకా నీళ్లు చల్లుతూ ఉండండి.