క్యుబెక్ నగరములో ఒక బడి

ఫ్రెంచి నేర్చు పిల్లలను ఉపాధ్యాయులు విద్యాయాత్రకు తీసికొనిపోవు పట్టణములలో కెనడా దేశపు క్యుబెక్ నగరమొకటి. అమెరికా సంయుక్త రాష్ట్రములనుండి సరిహద్దు దాటివచ్చిన బాలబాలికలకు అచ్చట వీథిలోను, అంగడిలోను ఫ్రెంచియే వినవచ్చును. తరగతిలో వల్లించిన క్రియారూపములు అచ్చట రొట్టె కొనుటకు పనికివచ్చును. అయితే ఆ భాష ఆ గడ్డమీద ఎట్లు నిలిచినదో గ్రహించినప్పుడే యాత్ర సార్థకమగును.

శాంప్లేన్ అను ఫ్రెంచి నావికుడు 1608లో సెయింట్ లారెన్స్ నదీతీరమున ఈ నగరమును స్థాపించెను. 1639లో మరీ ద లింకర్నాసియోన్ అను ఉర్సులైన్ సన్యాసిని ఫ్రాన్సునుండి ఓడపై వచ్చి బాలికలకు బడి పెట్టెను. ఉత్తర అమెరికాలోని బాలికా పాఠశాలలలో అదియే మిక్కిలి ప్రాచీనమని చెప్పుదురు. వలసవచ్చినవారి కుమార్తెలతోపాటు ఆదివాసి బాలికలును అందు చదివిరి. వీరిని ఫ్రెంచి నడవడికి మార్పవలెనని ఆమె సంకల్పము. అది నెరవేరలేదు. నూరుమందిలో ఒక్కరిని మార్చుటయే గగనమైనదని 1668లో ఆమెయే ఒక జాబులో ఒప్పుకొనెను. పెక్కుమంది పిల్లలు తమవారికడకు మరలిపోయిరి. గురువే శిష్యురాలై ఆదివాసుల భాషలు నేర్చి, వానికి నిఘంటువులు కూర్చెను.

1759 సెప్టెంబరు 13న కోటవెలుపలి అబ్రహాము మైదానమున ఆంగ్లేయులు ఫ్రెంచివారిని ఓడించిరి. ఇరుపక్షముల సేనాపతులును గాయపడి మరణించిరి. ఫ్రెంచి సేనాని మోంకాల్మ్‌ను ఆ సన్యాసినుల ప్రార్థనాలయముననే ఖననము చేసిరి. సప్తవర్ష సంగ్రామమను ఆ మహాయుద్ధములోనే, అంతకు ముందటి డిసెంబరున, మన గోదావరి సీమలో చెందుర్తికడ ఈ రెండు జాతులును తలపడినవి. 1763 నాటి పారిస్ సంధితో కెనడా ఆంగ్లేయుల వశమయ్యెను.

రాజ్యము పోయినను భాష పోలేదు. 1774 నాటి చట్టము ఫ్రెంచి పౌరన్యాయమును, కాథలిక్కు మతమును మన్నించెను. ఇండ్లలో, చర్చిలలో, బడులలో ఫ్రెంచి కొనసాగెను. 1977 నాటి భాషాశాసనము, పరదేశములనుండి వలసవచ్చువారి పిల్లలును సాధారణముగా ఫ్రెంచి బడిలోనే చేరవలెనని విధించెను.

ఓడిన జాతికి భాషను కాపాడి యిచ్చినది బడి. మరియొక జాతి పిల్లలను తమ భాషనుండి మరలింపజూచినదియు బడియే. యాత్రకు వచ్చిన విద్యార్థి ఈ రెండు పాఠములను కలిపి చదువవలెను. అందుకు ఆ నగరము పేరే చాలును. క్యుబెక్ అనునది ఫ్రెంచి మాట కాదు. నది ఇరుకైనచోటు అని అర్థమిచ్చు ఆదివాసి పదము.