బరువులు ఎత్తితే ఎత్తు పెరగరా? వందేళ్ల భయం వెనక కథ

"ఇప్పుడే జిమ్‌కి వెళ్లకురా, ఎత్తు పెరగవు." ఈ మాట వినకుండా టీనేజ్ దాటినవాళ్లు మనలో చాలా తక్కువ. కబడ్డీ ఆడే పద్నాలుగేళ్ల అబ్బాయికి ఇంట్లో ఇదే చెప్తారు. షటిల్ ఆడే పన్నెండేళ్ల అమ్మాయికైతే ఇంకోటి కూడా కలుపుతారు, "మగరాయుడిలా అయిపోతావు" అని. ఇంకోవైపు అదే వయసు పిల్లలు ఎవరికీ చెప్పకుండా జిమ్‌లో దూరి, రీల్ కోసం ఒంటికి మించిన బరువు ఎత్తేస్తున్నారు. ఒకరిని భయం ఆపేస్తోంది, ఇంకొకరిని తొందర పడేస్తోంది. అసలు ఈ భయం ఎక్కడ పుట్టింది? ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందు ఒక దూడ కథ

క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దం. ఇప్పటి దక్షిణ ఇటలీలో క్రోటన్ అనే గ్రీకు నగరం. అక్కడ మైలో అనే కుస్తీ వీరుడు ఉండేవాడు. రోజూ ఒక దూడని భుజాల మీద వేసుకుని నడిచేవాడట. దూడ పెరిగేకొద్దీ ఇతని బలమూ పెరిగి, చివరికి అది ఎద్దయ్యాక కూడా మోశాడని కథ. ఎద్దుని మోశాడో లేదో పక్కన పెట్టండి. బరువు కొంచెం కొంచెంగా పెరగాలి అన్న ఐడియా మాత్రం అక్కడ ఉంది. ఇంకో విషయం. మైలో మొదటి ఒలింపిక్ విజయం క్రీ.పూ. 540లో, బాలుర కుస్తీలో! అంటే పిల్లలకి బలం నేర్పించడం ఈ మధ్య జిమ్‌లతో వచ్చిన ఫ్యాషన్ కాదు.

మన దగ్గరా అంతే. దండీలు, బస్కీలు, గద తిప్పడం... ఇవన్నీ సాముగరిడీల్లో చిన్నప్పుడే మొదలయ్యేవి. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు తెలుసుగా? ఉత్తరాంధ్రలో వీరఘట్టం ఆయన ఊరు. విజయనగరం వ్యాయామశాలలో సాధన చేసి, తర్వాత వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆ తర్వాతే సర్కస్‌తో దేశాలు తిరిగారు. అలాంటి చోట పక్కన గురువు ఉండేవాడు. ఏ పిల్లాడు ఎంత చేయాలో ఆయన కన్ను చూసి చెప్పేది. ఈ "పక్కన ఒక కన్ను" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

భయం మొదట పిల్లల గురించి కాదు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో చాలామంది కోచ్‌లు, డాక్టర్లు ఒక మాట గట్టిగా నమ్మేవాళ్లు. బరువులు ఎత్తితే కండరాలు బిగుసుకుపోయి మనిషి స్లో అయిపోతాడని. దాన్ని "మజిల్ బౌండ్" అనేవాళ్లు. అందుకే పెద్ద ఆటగాళ్లని కూడా బరువుల జోలికి పోనిచ్చేవాళ్లు కాదు.

1940లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీలో ఒక ప్రదర్శన జరిగింది. పీటర్ కార్పొవిచ్ అనే ప్రొఫెసర్ అక్కడ ఉన్నారు. ఆయనకీ ఇదే నమ్మకం. వచ్చిన వీరుల్లో జాన్ గ్రిమెక్ అనే కండల వీరుడు ఉన్నాడు. "నీ వీపు నువ్వు గోక్కోగలవా?" అని ప్రొఫెసర్ అడిగారు. నవ్వులాటలా ఉంది కానీ, ఆ రోజుల్లో అది సీరియస్ ప్రశ్నే. గ్రిమెక్ హాయిగా గోక్కున్నాడు. అక్కడితో ఆగలేదు, కాళ్లు రెండు పక్కలకీ పూర్తిగా చాపి స్ప్లిట్స్ కూడా చేసి చూపించాడు.

కార్పొవిచ్ గారిలో నాకు నచ్చింది ఏంటంటే, ఆయన మొండికేయలేదు, కొలిచి చూశారు. 300 మంది బరువులు ఎత్తేవాళ్లు, 300 మంది ఎత్తనివాళ్లు. చేతిని ఎవరు ఎంత వేగంగా తిప్పుతారో పరీక్షించారు. 1951లో ఫలితం వచ్చింది. బరువులు ఎత్తేవాళ్లే ఫాస్ట్!

అదే కాలంలో ఇంకో కథ. థామస్ డిలార్మ్‌కి టీనేజ్‌లో రుమాటిక్ ఫీవర్ వచ్చి మంచాన పడ్డాడు. తర్వాత బరువులు ఎత్తుతూ కోలుకున్నాడు. పెద్దయి ఆర్మీ డాక్టర్ అయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న సైనికులు షికాగోలోని గార్డినర్ ఆసుపత్రిలో నెలల తరబడి పడి ఉండేవాళ్లు. తన మీద పనిచేసిన పద్ధతినే వాళ్ల మీద పెట్టాడు. అదే తర్వాత ఒక ఫార్ములా అయింది. పది సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు ఎంతో కనుక్కో. మొదటి సెట్ దాంట్లో సగంతో, రెండోది ముప్పావు వంతుతో, మూడోది పూర్తి బరువుతో. ఇవాళ మన జిమ్ ట్రైనర్ "మూడు సెట్లు, పదేసి రెప్స్" అంటాడే, దాని వెనక ఈ ఆసుపత్రి మంచాలు ఉన్నాయన్నమాట.

ఇక 1969. నెబ్రాస్కా యూనివర్సిటీలో బాయిడ్ ఎప్లీ అనే పోల్‌వాల్ట్ కుర్రాడిని ఫుట్‌బాల్ జట్టుకి స్ట్రెంగ్త్ కోచ్‌గా జీతమిచ్చి పెట్టుకున్నారు. ఒక్క ఆటగాడు స్లో అయినా నీ ఉద్యోగం పోతుందని హెడ్ కోచ్ ముందే చెప్పాడని అంటారు. 1970, 71 రెండేళ్లూ ఆ జట్టు నేషనల్ ఛాంపియన్! 1978లో అదే ఎప్లీ స్ట్రెంగ్త్ కోచ్‌లకి ఒక సంఘం పెట్టాడు. తర్వాత దాని పేరులో "కండిషనింగ్" చేరి ఎన్‌ఎస్‌సీఏ అయింది. ఇవాళ మనం "స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్" అంటున్న మాట ఉద్యోగంగా నిలబడింది ఇలాగే.

పెద్దల భయం పోయింది, పిల్లల దగ్గర ఆగింది

ఎందుకు ఆగింది? దానికి కొన్ని కారణాలున్నాయి, అన్నీ ఉత్తి పుకార్లు కావు. పిల్లల ఎముకల చివర్ల దగ్గర గ్రోత్ ప్లేట్ అని మెత్తటి భాగం ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. టీనేజ్ చివరికి అది గట్టిపడి మూసుకుపోతుంది. ఈలోగా దానికి గట్టి దెబ్బ తగిలితే పెరుగుదల దెబ్బతినే అవకాశం నిజంగానే ఉంది. కుర్రాళ్లు బరువులు ఎత్తుతూ అక్కడ విరగ్గొట్టుకున్న కేసులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. కానీ చాలావాటిలో కథ ఒకటే. మోయలేనంత బరువు, తప్పు పద్ధతి, పక్కన ఎవరూ లేరు.

1983లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, యుక్తవయసు రాని పిల్లలకి బరువుల వల్ల పెద్ద లాభం లేదని చెప్పింది. వయసు హార్మోన్లు ఇంకా రాలేదు కదా, కండ ఎలా పెరుగుతుంది అన్నది లాజిక్. వినడానికి కరెక్టే. కానీ బలం అంటే కండ ఒక్కటేనా?

1990లో కెనడా పరిశోధకులు 9 నుంచి 11 ఏళ్ల అబ్బాయిలకి కొన్ని నెలలు ట్రైనింగ్ ఇచ్చి చూశారు. బలం పెరిగింది, కండ సైజు మాత్రం పెరగలేదు! అంటే ఉన్న కండరాలనే మెదడు, నరాలు ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకున్నాయి. ఫోన్ హార్డ్‌వేర్ అదే, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయింది, అంతే. తర్వాత డాక్టర్ల సంఘం కూడా మాట మార్చుకుంది. సరైన పద్ధతి, పర్యవేక్షణ ఉంటే పిల్లలకి బరువుల ట్రైనింగ్ మంచిదే అంటోంది. సరిగ్గా చేయించిన ట్రైనింగ్ వల్ల ఎత్తు ఆగిపోయిందని ఇప్పటిదాకా ఏ పరిశోధనా చూపించలేదు.

మరి గాయాల మాటేంటి? అమెరికా ఎమర్జెన్సీ వార్డుల లెక్కలు తీసి 2009లో ఒక అధ్యయనం వచ్చింది. బరువుల దగ్గర దెబ్బలు తగిలిన 8 నుంచి 13 ఏళ్ల పిల్లల్లో దాదాపు మూడింట రెండొంతుల గాయాలు చేతులకీ, పాదాలకీ. ఎలా తగిలాయి? ఎక్కువగా బరువు జారి కాలి మీద పడి, లేదంటే ప్లేట్ల మధ్య వేలు నలిగి. ఇది ఎముక పెరగకపోవడం కాదండీ, పక్కన పెద్దవాళ్లు చూడకపోవడం. గురువు కన్ను అన్నానే, అదే ఇది.

మన శ్రీకాకుళం అమ్మాయి

మగరాయుడు అన్న మాటకి జవాబు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి. పన్నెండేళ్ల వయసులో కోచ్ నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులు పట్టింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. "ఆడపిల్లకి బరువులెందుకు" అన్న మాటే గెలిచుంటే మనకి ఆ పతకం లేదు. అలాగని పన్నెండేళ్లకే అందరూ పోటీ బరువులు ఎత్తాలని కాదు. ఆమె పక్కన నేర్పే కోచ్ ఉన్నారు, పాయింట్ అది.

మరి ఏం చేయాలి?

2009లో ఎన్‌ఎస్‌సీఏ చెప్పింది సింపుల్. చెప్పిన మాట విని అలాగే చేయగల వయసు, అంటే ఏడెనిమిదేళ్లు వస్తే మొదలుపెట్టొచ్చు. ముందు తేలిక బరువుతో పద్ధతి నేర్చుకోవాలి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో గ్యాప్ ఇస్తూ చేయాలి. బలం పెరిగాక బరువు 5 నుంచి 10 శాతం చొప్పునే పెంచాలి. మైలో దూడ లెక్కే కదా!

కాబట్టి అమ్మానాన్నలూ, ఇకనుంచి "వయసెంత?" అని కాదు, "నేర్పేది ఎవరు? చూసేది ఎవరు?" అని అడగండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పద్ధతి చెప్పకుండా మొదటి రోజే "మ్యాక్స్ ఎంత ఎత్తుతావ్?" అని అడిగే చోటు నుంచి వెనక్కి వచ్చేయండి. నొప్పిని దాచుకోకండి.

మీ స్కూల్లో, మీ ఊళ్లో ఇలా పక్కన నిలబడి నేర్పించే పీఈటీ సార్, మేడమ్ ఎవరైనా ఉంటే కామెంట్స్‌లో రాయండి. ఇంట్లో "ఎత్తు పెరగవు" అన్న మాట మళ్లీ వస్తే గొడవ పడకండి, ఈ ఎపిసోడ్ పంపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!